బఫర్‌లో సరిగ్గా పనిచేసే గ్రాఫీన్ సెన్సర్ సీరంలో ఎందుకు దారి తప్పుతోంది?

రాయదుర్గం_పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. గుండెపోటు వచ్చినప్పుడు రక్తంలోకి విడుదలయ్యే ట్రోపోనిన్-ఐ అనే ప్రోటీన్‌ను కార్బన్ పరమాణువుల ఒంటి పొర అయిన గ్రాఫీన్‌తో చేసిన ట్రాన్సిస్టర్‌తో గుర్తించడం నా పని. ఎనిమిది నెలలుగా ఒకే చోట ఆగిపోయాను కనుక వివరాలన్నీ రాసి మీ సలహా అడుగుతున్నాను.

రాగి రేకు మీద సీవీడీ (వేడి వాయువు నుంచి పొరగా పేర్చే) పద్ధతిలో పెంచిన ఒంటి పొర గ్రాఫీన్‌ను తెచ్చుకుని, దాని మీద పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూత వేసి, అడుగునున్న రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగించి, 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ ముక్క మీదికి దించుతున్నాను. బంగారు కాంటాక్టులకు ద్రవం తగలకుండా ఎస్‌యూ-8 అనే పాలిమర్ పూత ఉంది. గ్రాఫీన్‌కు పైరీన్ లింకర్ అనే జోడించే అణువును, దాని చివర ట్రోపోనిన్‌ను పట్టుకునే యాంటీబాడీని కట్టి, మిగిలిన ఖాళీలను ఇథనోలమైన్‌తోనూ బీఎస్‌ఏ అనే ఆవు అల్బుమిన్ ప్రోటీన్‌తోనూ మూసేస్తున్నాను. ఛానెల్ (కరెంటు పారే గ్రాఫీన్ దారి) మీద ఉంచిన చుక్కలో సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడును ముంచి ఛానెల్‌ను నియంత్రించే గేట్ వోల్టేజీని మారుస్తూ, ఛానెల్‌లో పారే డ్రెయిన్ కరెంటు అన్నిటికంటే తక్కువకు పడే చోటు, అంటే డిరాక్ బిందువు, ఎటు కదులుతుందో చూస్తున్నాను.

నూరు రెట్లు పలుచన చేసిన పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రవంలో) శుద్ధమైన ట్రోపోనిన్-ఐ వేస్తే, గాఢత పదింతలు పెరిగిన ప్రతిసారీ డిరాక్ బిందువు సుమారు 9 మిల్లీవోల్టులు ఎడమకు, అంటే నెగటివ్ వోల్టేజీ వైపుకు జరుగుతోంది. మూడు చిప్‌ల మీద ఇదే వచ్చింది. అదే చిప్ మీద మనిషి సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) పది రెట్లు పలుచన చేసి వేస్తే మాత్రం బిందువు 40 మిల్లీవోల్టుల దాకా కుడికి పోతోంది. అందులో ట్రోపోనిన్ కలిపినా కలపకపోయినా తేడా కనిపించడం లేదు. పైగా అరగంట ఆగి చూస్తే ఇంకా కొంచెం కుడికి జరిగి ఉంటోంది.

గ్రాఫీన్‌కు బ్యాండ్ గ్యాప్ లేదు, అంటే కరెంటును పూర్తిగా ఆపలేం కాబట్టి మాలిబ్డినం డైసల్ఫైడ్‌కు మారితే మంచిదని ఒకరు, నీటిలో చక్కగా కలుస్తుంది కాబట్టి ఎమ్‌ఎక్సీన్ అనే మరో పలుచని పొరల పదార్థానికి మారమని మరొకరు అంటున్నారు. యాంటీబాడీ హబ్సిగూడలోని ఒక సహకార బృందం నుంచి వస్తుంది. దాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని మెట్రోలో రాయదుర్గం దాకా తెస్తున్నాను, అందువల్ల లోపం అక్కడేమోననే అనుమానం కూడా ఉంది. ఇప్పుడు నేను మార్చవలసింది పదార్థాన్నా, యాంటీబాడీనా, కొలిచే పద్ధతినా?

సెమీకండక్టర్_మాస్టారు

అమ్మా, మీకు కావలసిన ఆధారం మీరు రాసిన రెండు మాటల్లోనే ఉంది. బఫర్‌లో ఎడమకు, సీరంలో కుడికి అన్నారు. గ్రాఫీన్ పక్కకు పాజిటివ్ ఛార్జి చేరితే ఛానెల్‌లో ఎలక్ట్రాన్లు పెరిగి డిరాక్ బిందువు ఎడమకు పోతుంది, నెగటివ్ ఛార్జి చేరితే రంధ్రాలు (ఎలక్ట్రాన్ల ఖాళీలు) పెరిగి కుడికి పోతుంది. ట్రోపోనిన్-ఐ ఐసోఎలక్ట్రిక్ పాయింటు (మొత్తం ఛార్జి సున్నా అయ్యే పీహెచ్) 9.9కు దగ్గరగా ఉంటుంది కాబట్టి, 7.4 పీహెచ్ దగ్గర దాని మీద ఉండేది పాజిటివ్ ఛార్జి. బఫర్‌లో మీరు చూసినది దానికి సరిగ్గా సరిపోతోంది. సీరంలో మీ ఛానెల్ మీదికి చేరుతున్నది నెగటివ్ ఛార్జి గల మరేదో పదార్థం. ట్రాన్సిస్టర్ చెడిపోలేదు, తన దగ్గరికి వచ్చిన ఛార్జిని ఉన్నది ఉన్నట్టు చెబుతోంది.

ఈ పదార్థాలలో ఇంత సున్నితత్వం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే ఇది ఆశ్చర్యమనిపించదు. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రె గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గ్రాఫైట్ నుంచి అంటుకునే టేపుతో ఒక్కొక్క పొర ఊడదీస్తూ గ్రాఫీన్‌ను వేరు చేశారు. 2010లో వారికి నోబెల్ తెచ్చిన ఆ పొర మందం నానోమీటరులో మూడో వంతు మాత్రమే. అందులోని ప్రతి కార్బన్ పరమాణువూ ఉపరితలం మీదే ఉంటుంది, లోపల అనేదే లేదు. అందువల్ల ఉపరితలం మీద ఏది వాలినా మొత్తం కరెంటు దాన్ని గమనిస్తుంది, వాలినది మనకు కావలసినదా కాదా అన్నది మాత్రం దానికి తెలియదు. ఆ ఎంపిక చేయవలసింది యాంటీబాడీ.

రెండో సంగతి డిబై దూరం. ఉప్పు ఉన్న ద్రవంలో ఏ ఛార్జి చుట్టూ అయినా ఎదురు అయాన్లు మూగి, కొద్ది దూరం దాటాక దాని ప్రభావం బయటికి తెలియకుండా కప్పేస్తాయి. పలుచన చేయని పీబీఎస్‌లో ఆ దూరం సుమారు 0.7 నానోమీటర్లు, పది రెట్లు పలుచన చేస్తే 2.3, నూరు రెట్లు చేస్తే 7.3. యాంటీబాడీ తానే పది, పదిహేను నానోమీటర్ల పొడవుంటుంది. మీ బఫర్ ప్రయోగంలో యాంటీబాడీ కొంత వాలి ఉన్నచోట దాని చివరనున్న ట్రోపోనిన్ ఆ 7 నానోమీటర్ల లోపల పడింది, అందుకే కనిపించింది. పది రెట్లే పలుచన చేసిన సీరంలో అది కప్పు కిందికి వెళ్లిపోయింది. నేరుగా గ్రాఫీన్‌కే అంటుకున్న ఇతర ప్రోటీన్లు మాత్రం ఆ 2 నానోమీటర్లలోనే ఉన్నాయి కనుక వాటి ఛార్జి తెలుస్తోంది. అంటే మీ సీరం కొలతలో కావలసినది దాగిపోయి అక్కర్లేనిది పైకి వచ్చింది.

ఈ కారణంగానే పదార్థం మార్చమనే సలహాతో నేను ఏకీభవించను. మాలిబ్డినం డైసల్ఫైడ్ మంచి సెమీకండక్టరు. ఒంటి పొరలో సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉంటుంది. 2011లో లోజాన్‌లో ఆంద్రాస్ కిష్ బృందం దానితో చేసిన ట్రాన్సిస్టర్‌లో ఆన్, ఆఫ్ కరెంట్ల నిష్పత్తి పది కోట్లు వచ్చింది. గ్రాఫీన్‌తో అది ఊహకు కూడా అందదు. లాజిక్ సర్క్యూట్లకు ఆ గుణమే ప్రాణం. సుమారు 5,900 మాలిబ్డినం డైసల్ఫైడ్ ట్రాన్సిస్టర్లతో చైనాలో 32 బిట్ల ప్రాసెసర్‌ను తయారు చేసి 2025లో ప్రకటించారు. సెన్సర్‌లో కూడా ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కాకముందున్న సబ్‌థ్రెషోల్డ్ ప్రాంతంలో కొలిస్తే కొద్దిపాటి ఛార్జికి కరెంటు చాలా రెట్లు మారుతుందన్నది నిజమే. అయితే డిబై దూరం ద్రవానికి చెందిన లక్షణం. కింద ఏ పదార్థం ఉన్నా అది మారదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ మీద కూడా సీరం ప్రోటీన్లు ఇలాగే పేరుకుంటాయి, దానికి తోడు లోహపు కాంటాక్టుల దగ్గర నిరోధం అనే కొత్త సమస్య మీ నెత్తిన పడుతుంది. ఎనిమిది నెలల పనిని వదిలి అటు వెళ్లవద్దు.

నా సలహా ఒక్కటే. సీరంలో కొలవకండి. సీరంలో యాంటీబాడీకి తగినంత సమయం ఇచ్చి, బాగా కడిగి, నూరు రెట్లు పలుచన చేసిన బఫర్‌ను మళ్లీ పోసి, అందులో కొలవండి. సీరం వేయడానికి ముందు కొలత కూడా అదే బఫర్‌లో తీసుకుని ఉండాలి. పట్టుకునే ద్రవం, కొలిచే ద్రవం ఒకటే కానవసరం లేదు.

నేరుగా రక్తంలోనే కొలవాలన్న పట్టుదల ఉంటే దారులు లేకపోలేదు. 2015లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం సిలికాన్ నానోతీగల మీద గ్రాహక అణువులతో పాటు పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను కూడా కట్టి, ఉప్పు ఎక్కువున్న ద్రవంలోనూ సంకేతం రాబట్టింది. 2018లో కాలిఫోర్నియాలో అతి పలుచని ఇండియం ఆక్సైడ్ పొర మీద ఆప్టమర్లు అనే డీఎన్‌ఏ పోగులను వాడి డోపమిన్, సెరొటోనిన్‌లను పట్టారు. అక్కడ సంకేతం ఇచ్చింది పట్టుబడిన అణువు ఛార్జి కాదు, దాన్ని పట్టుకునేటప్పుడు ముడుచుకునే డీఎన్‌ఏ వెన్నెముక మీది ఛార్జి. మీకు మాత్రం ముందు కడిగి కొలవడం కుదరనివ్వండి.

బయోకెమిస్ట్_సికింద్రాబాద్

నేను ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తాను. ట్రోపోనిన్ పరీక్ష మాకు రాత్రీపగలూ నడిచేదే. మాస్టారు గారు చెప్పిన ఆ నెగటివ్ పదార్థానికి పేరు పెట్టడం కష్టం కాదు, అది ముఖ్యంగా అల్బుమిన్. దాని ఐసోఎలక్ట్రిక్ పాయింటు 4.7 ప్రాంతంలో ఉంటుంది, అందుకే 7.4 పీహెచ్ దగ్గర నెగటివ్.

పరిమాణాల తేడాను ఒకసారి కళ్ల ముందు పెట్టుకోండి. లీటరు సీరంలో అల్బుమిన్ 35 నుంచి 50 గ్రాములు ఉంటుంది. ట్రోపోనిన్-ఐ విషయంలో గుండె కండరం దెబ్బతిన్నదని అనుమానించడానికి మేము గీసుకునే గీత, వాడే యంత్రాన్ని బట్టి, లీటరుకు కొన్ని పదుల నానోగ్రాముల దగ్గర ఉంటుంది. 40 గ్రాములను 20 నానోగ్రాములతో భాగిస్తే 200 కోట్లు. ట్రోపోనిన్‌ను పట్టాలంటే, బరువులో చూస్తే, దానికి 200 కోట్ల రెట్లున్న అల్బుమిన్‌ను పక్కకు తోయాలన్నమాట. మీ బీఎస్‌ఏ పూతలో ఎక్కడ చిన్న సందు మిగిలినా అక్కడ అల్బుమిన్ కూర్చుంటుంది. అరగంట తర్వాత కూడా బిందువు కుడికి జరుగుతూనే ఉందంటే ఆ సందులు ఇంకా నిండుతున్నాయని అర్థం.

దీనికంటే ముఖ్యమైనది, ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు ఎక్కువగా చూడనిది ఇంకొకటి ఉంది. మీరు కొలతకు వాడిన శుద్ధ ట్రోపోనిన్-ఐ రోగి రక్తంలో ఆ రూపంలో ఉండదు. రక్తంలోకి వచ్చిన ట్రోపోనిన్-ఐలో ఎక్కువ భాగం ట్రోపోనిన్-సితో జతకట్టి తిరుగుతుంది. ట్రోపోనిన్-సి ఆమ్ల స్వభావం గలది, దాని మీద ఉండేది బలమైన నెగటివ్ ఛార్జి. జతగా వచ్చినప్పుడు మొత్తం ఛార్జి మీరు బఫర్‌లో చూసినదానికి భిన్నంగా ఉండవచ్చు, సంకేతం ఎడమకు బదులు కుడికే రావచ్చు. మా యంత్రాల్లో ఈ చిక్కు లేదు, ఎందుకంటే అక్కడ రెండో యాంటీబాడీకి కట్టిన గుర్తు నుంచి వచ్చే వెలుగును లెక్కిస్తాం, ప్రోటీన్ ఛార్జితో పని లేదు. మీ పద్ధతి ఛార్జి మీదే నిలబడింది కనుక, ప్రామాణిక రేఖను ట్రోపోనిన్ సంయుక్త రూపంతోనే గీయాలి. అమెరికాలోని నిస్ట్ అనే ప్రమాణాల సంస్థ ప్రామాణిక నమూనా 2921గా ఇచ్చేది కూడా మూడు ట్రోపోనిన్లు కలిసిన సంయుక్తమే.

ట్రోపోనిన్-ఐ గాజుకు, ప్లాస్టిక్‌కు అంటుకుపోయే స్వభావం గలది. తక్కువ గాఢతకు పలుచన చేస్తున్నప్పుడు గొట్టం గోడలకే చాలా భాగం పోతుంది. పలుచన చేసే బఫర్‌లో కొంచెం బీఎస్‌ఏ లేకపోతే, మీరు రాసుకున్న గాఢత ఒకటి, చుక్కలో నిజంగా ఉన్నది ఒకటి అవుతుంది.

యాంటీబాడీ ప్రయాణం గురించి దిగులు పడవద్దు. హబ్సిగూడ నుంచి మెట్రోలో గంట సేపు ఐసులో ఉంటే దానికేమీ కాదు. దాన్ని పాడుచేసేది పదేపదే గడ్డకట్టించి కరిగించడం. వచ్చిన రోజే పది మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లోకి పంచుకుని, ఒక్కొక్కటీ ఒక్కసారే వాడండి.

ఇక అసలు చేయవలసిన ప్రయోగం. అదే చిప్ మీద పక్క ఛానెల్‌కు ట్రోపోనిన్‌తో సంబంధం లేని యాంటీబాడీని, అదే జంతువు నుంచి వచ్చిన అదే ఐసోటైప్‌ను (ఉపరకాన్ని), అదే గాఢతలో కట్టండి. రెండు ఛానెళ్ల మీదా ఒకే సీరం చుక్క పడాలి. అల్బుమిన్ రెండింటి మీదా ఒకేలా కూర్చుంటుంది, ట్రోపోనిన్ ఒకదాని మీదే. రెండింటి తేడాయే మీ సంకేతం. ఇది లేకుండా సీరంలో గీసిన ఏ గ్రాఫునూ మా వైపు వారు నమ్మరు.

రోగుల నమూనాల దాకా వచ్చినప్పుడు, ప్రయోగశాలలో మిగిలిపోయిన సీరం అయినా సరే, నైతిక కమిటీ అనుమతి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు మిగిలిన నమూనాలకూ వర్తిస్తాయి. అనుమతికి నెలలు పట్టవచ్చు కనుక దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.

కొత్త_పదార్థాలు_కంది

పై ఇద్దరూ చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. పక్క ఛానెల్‌ను ఆధారంగా తీసుకోవాలంటే రెండు ఛానెళ్లూ మొదట నిజంగా ఒకేలా ఉండాలి. పీఎంఎంఏ అవశేషం ఒకదాని మీద ఎక్కువ, ఇంకొకదాని మీద తక్కువ ఉంటే అల్బుమిన్ రెండింటి మీదా ఒకేలా కూర్చోదు. రామన్‌లో (లేజరు కాంతితో పొరను పరీక్షించే పద్ధతిలో) ప్రతి ఛానెల్ మీదా నాలుగైదు చోట్ల చూడండి. సెంటీమీటరుకు 2,700 దగ్గరి శిఖరం 1,580 దగ్గరిదానికి రెండింతలకు మించి ఉండాలి, పొరలోని లోపాలను చూపే 1,350 దగ్గర దాదాపు ఏమీ ఉండకూడదు. లింకర్ కట్టిన తర్వాత మళ్లీ చూడండి. పైరీన్ గ్రాఫీన్ మీద కేవలం ఆనుకుని ఉంటుంది కనుక ఆ 1,350 శిఖరం పెరగకూడదు, పెరిగితే కడగడంలోనో ఆరబెట్టడంలోనో పొర చిరిగిందని అర్థం.

ఇక ఆ లింకర్ సీసా. దాని చివరనున్న ఎస్టర్ తేమ తగిలితే విరిగిపోతుంది, ఆ తర్వాత యాంటీబాడీ దానికి అతకదు. మన ఊళ్లో వానాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరిస్తే సీసా లోపలి గోడ మీద నీటి పొర కనబడుతుంది. నేను రెండు నెలల పని అలాగే పోగొట్టుకున్నాను. సీసాను తేమ లేని డెసికేటర్ డబ్బాలో పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. ఎమ్‌ఎక్సీన్ సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను, టైటానియం కార్బైడ్ ఎమ్‌ఎక్సీన్ నీటిలో ఉంచితే మెల్లగా ఆక్సీకరణం చెంది టైటానియం డయాక్సైడ్‌గా మారిపోతుంది. లోహంలా కరెంటును మోసుకుపోయే ఆ పదార్థం ఎలక్ట్రోడుగా బాగుంటుంది కానీ గేట్ వోల్టేజీకి స్పందించే ఛానెల్‌గా మీకు పనికిరాదు.

మీ దగ్గర రామన్ యంత్రం ఖాళీ దొరకకపోతే పరిశోధన యంత్రాలను పంచుకునే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకండి, నగరంలోనే సమయం దొరకవచ్చు. చిప్ తయారీకి మంచి క్లీన్‌రూమ్ కావాలంటే నానోఎలక్ట్రానిక్స్ వాడుకదారుల కోసం ఉన్న ఐఎన్‌యూపీ పథకం కింద బెంగళూరు ఐఐఎస్సీకి ప్రతిపాదన పంపవచ్చు.

రాయదుర్గం_పరిశోధకురాలు

మాస్టారికి, బయోకెమిస్ట్ డాక్టరు గారికి, కంది మిత్రులకు కృతజ్ఞతలు. మూడు వారాలు పని చేసి మళ్లీ రాస్తున్నాను.

లింకర్ కొత్తది తెప్పించాను. పక్క ఛానెల్ మీద సంబంధం లేని యాంటీబాడీ కట్టి, నేరుగా సీరంలోనే ఒకసారి కొలిచాను. ట్రోపోనిన్ ఛానెల్ 41 మిల్లీవోల్టులు, పక్కది 37 మిల్లీవోల్టులు, రెండూ కుడికే పోయాయి. అంటే ఎనిమిది నెలలుగా నేను గీసిన సీరం గ్రాఫులన్నీ అల్బుమిన్ గ్రాఫులే. ఇది చూసిన రోజు చాలా బాధ కలిగింది.

ఆ తర్వాత మాస్టారు చెప్పినట్టు సీరంలో నలభై నిమిషాలు ఉంచి, మూడుసార్లు కడిగి, పలుచని బఫర్‌లో కొలిచాను. పక్క ఛానెల్ కదలిక 11 మిల్లీవోల్టులకు పడిపోయింది. సంయుక్త రూపంలోని ట్రోపోనిన్‌ను లీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున కలిపిన సీరంలో ట్రోపోనిన్ ఛానెల్ 24 దాకా వెళ్లింది, అదీ కుడికే. డాక్టరు గారు ముందే హెచ్చరించకపోతే ఈ కుడివైపు కదలికను చూసి మళ్లీ తప్పు అనుకుని పారేసేదాన్ని. లీటరుకు 100 నానోగ్రాముల దగ్గర మాత్రం రెండు ఛానెళ్ల తేడా ఇంకా రొదలోనే కలిసిపోతోంది. కడిగే బఫర్‌లో ట్వీన్-20 అనే సబ్బులాంటి పదార్థం వేస్తే మెరుగవుతుందా? నలభై నిమిషాలు చాలవా?

సెమీకండక్టర్_మాస్టారు

చాలా మంచి ఫలితం అమ్మా. ట్వీన్-20 వేయండి, అయితే అది కూడా గ్రాఫీన్‌కు అంటుకుంటుంది. అందుచేత సీరంకు ముందే ఛానెల్‌ను ఒకసారి ట్వీన్‌తో కడిగి, ఆ తర్వాత తీసిన కొలతనే మొదటి కొలతగా పెట్టుకోండి.

సమయం విషయంలో లెక్క వేసి చూడండి. లీటరుకు 100 నానోగ్రాములంటే పది మైక్రోలీటర్ల చుక్కలో సుమారు రెండున్నర కోట్ల ట్రోపోనిన్ అణువులు ఉన్నాయి, కొరత అణువులది కాదు. ఇంత పరిమాణం గల ప్రోటీన్ నిశ్చలమైన ద్రవంలో ఒక మిల్లీమీటరు దూరం వ్యాపించడానికి గంటకు పైగా పడుతుంది. మీ చుక్క ఎత్తు దాదాపు అంతే కదా. పై భాగంలో ఉన్న అణువులు నలభై నిమిషాల్లో ఛానెల్ దగ్గరికి చేరనే లేదు. చిప్‌ను మెల్లగా ఊపే షేకర్ మీద పెట్టండి, లేదా చుక్కకు బదులు సన్నని కాలువలో సీరంను పారించండి. చుక్క ఆరిపోకుండా చుట్టూ తడి దూది ఉంచిన మూత డబ్బా వాడండి. ఆరితే ఉప్పు గాఢత పెరిగి కొలతలన్నీ మారిపోతాయి.

బయోకెమిస్ట్_సికింద్రాబాద్

ఒక్క మాట. 100 నానోగ్రాముల దగ్గర తేడా కనిపించడం మొదలైన రోజున, ట్రోపోనిన్ కలపని సీరంను కనీసం ఇరవై చిప్‌ల మీద కొలిచి ఆ విలువలు ఎంత అటూఇటూ ఊగుతున్నాయో ముందు తేల్చుకోండి. మీ సెన్సర్ ఎంత తక్కువను గుర్తించగలదన్నది ఆ ఊపును బట్టే చెప్పాలి. అన్నీ ఒకే సీసాలోని సీరంతో చేయవద్దు, వేర్వేరు వ్యక్తుల సీరం తీసుకోండి. అల్బుమిన్, కొవ్వులు మనిషి మనిషికీ మారతాయి, మీ పక్క ఛానెల్ ఆ మార్పులను నిజంగా తీసివేయగలుగుతోందో లేదో అక్కడే బయటపడుతుంది. కమిటీ దరఖాస్తు నమూనా కావాలంటే ఇక్కడే అడగండి, రోగి వివరాలు లేకుండా ఏయే అంశాలు రాయాలో చెబుతాను.